చల్లారితే పలికే ఇంజిన్

జులై నెల, మధ్యాహ్నం మూడు గంటలు. కాలిఫోర్నియాలో బేకర్స్‌ఫీల్డ్ వైపు నుంచి లాస్ ఏంజెలిస్‌కి దిగే ఐ-5 హైవే పొలాల మధ్య బల్లపరుపుగా సాగి సాగి ఒక్కసారిగా కొండెక్కుతుంది. ఆ ఎక్కుడుని అక్కడివాళ్లు గ్రేప్‌వైన్ అంటారు. పైన టెహోన్ కనుమ ఎత్తు 4,144 అడుగులు. కింద లోయలో వేసవి ఎండ తరచూ 40 డిగ్రీలు దాటుతుంది. ఇంజిన్లు కాగిపోకుండా ఏసీలు ఆపుకోమని దారి పక్కన బోర్డులు పెట్టి ఉంటాయి.

కుడి లేన్‌లో ఒక ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కు ఎక్కుతోంది. 1988 మోడల్. వరసగా ఆరు సిలిండర్లున్న 4.9 లీటర్ల పెట్రోలు ఇంజిన్. వెనక తొట్టిలో నిండా సామాను. నడిపేవాడికి ముప్ఫై దాటి ఉంటాయి. ఆ బండితోనే అతనికి బతుకుతెరువు.

సగం కొండ ఎక్కేసరికి ఇంజిన్ ఆగిపోయింది.

దగ్గలేదు, కుదపలేదు. రేడియోలో పాట వస్తూనే ఉంది, డ్యాష్‌బోర్డు దీపాలన్నీ వెలిగాయి. కాలు యాక్సిలరేటర్ మీదే ఉన్నా ఇంజిన్ చప్పుడు లేదు. స్టీరింగ్ బిగుసుకుంది. బ్రేకుకి ఊతమిచ్చే వాక్యూమ్ ఇంజిన్ నుంచే వస్తుంది కాబట్టి ఒకటి రెండు తొక్కుళ్లకి సరిపడా మాత్రమే మిగిలింది, ఆ తర్వాత పెడల్ రాయిలా గట్టిపడుతుంది. వెనక పద్దెనిమిది చక్రాల లారీ ఒకటి హారన్ కొడుతూ పక్కకి తప్పుకుంది. ఎలాగో బండిని రోడ్డు అంచుకి లాగాడు.

తాళం తిప్పాడు. సెల్ఫ్ బ్రహ్మాండంగా తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవడం లేదు. మళ్లీ తిప్పాడు. అదే వరస. బ్యాటరీ కూడా పోతుందేమోనని మానేశాడు. బానెట్ ఎత్తి చూస్తే ఊడిన తీగ లేదు, కారుతున్న గొట్టం లేదు. రేడియేటర్ కూడా హద్దులోనే ఉంది.

టోయింగ్ బండి వచ్చేసరికి గంట దాటింది. దాని డ్రైవరు కొక్కెం తగిలించబోతూ, అలవాటు కొద్దీ, ఒక్కసారి తాళం తిప్పి చూడమన్నాడు. తిప్పీ తిప్పగానే ఇంజిన్ అందుకుంది. పొద్దుటి చల్లదనంలో తీసినంత హాయిగా పలికింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వచ్చినందుకు డబ్బులు మాత్రం ఇచ్చుకోక తప్పలేదు.

ఇక్కడ పాఠకులకి ఒక మాట. ఈ ట్రక్కు ఒక్కటి కాదు. ఫోర్డ్ సంస్థ 1983 నుంచి 1995 దాకా అమ్మిన కోట్లాది బండ్లలో ఇలా ఆగిపోయినవాటి కథల్ని ఒకే బండికి, ఒకే మనిషికి కూర్చి చెబుతున్నాం. అందుకే ఎవరికీ పేరు పెట్టలేదు. ఈ గొడవ చివరికి చేరిన కోర్టు, అక్కడి తీర్పు, అంకెలు మాత్రం బహిరంగ రికార్డులో ఉన్నవే.

ఆ తర్వాత మన ట్రక్కు యజమాని అందరూ చేసే పనే చేశాడు. షెడ్డుకి తీసుకెళ్లాడు. అక్కడ బండి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కసారి కూడా ఆగలేదు. డాక్టరు గుమ్మం తొక్కేసరికి జ్వరం దిగిపోయిన పిల్లాడిలా బుద్ధిగా నడిచింది. మెకానిక్ కాగితం మీద లోపమేమీ కనబడలేదని రాసిచ్చాడు. అబద్ధమేం కాదు, ఆయనకి నిజంగానే కనబడలేదు. కానీ ఇలాంటి కాగితాలు దేశమంతటా పోగుపడితే ఏమవుతుందో, ఎవరికి కలిసొస్తుందో తర్వాత చూద్దాం.

మళ్లీ ఆగింది. ఈసారి పెట్రోలు ఫిల్టరు మార్చారు. మళ్లీ ఆగింది. పంపు మార్చారు. ఆ బండికి రెండు ట్యాంకులు ఉన్నాయి, డ్యాష్‌బోర్డు మీద స్విచ్చి నొక్కితే ఒకదాన్నుంచి ఇంకోదానికి మారుతుంది. దాని మీద కూడా అనుమానపడి విప్పారు. ప్లగ్గులు, ప్లగ్గు తీగలు, డిస్ట్రిబ్యూటర్ టోపీ, కాయిల్ వరసగా మారిపోయాయి. మార్చిన ప్రతిసారీ కొన్నాళ్లు బాగానే ఉన్నట్టు అనిపించేది. నిజానికి అది బాగుపడటం కాదు, ఎండ తగ్గడం. సెప్టెంబరులో కాయిల్ మార్చినవాడికి ఆ కాయిలే దోషి అనిపిస్తుంది మరి.

మధ్యమధ్య వచ్చిపోయే జబ్బుల్లో ఇదే పెద్ద చిక్కు. మార్చిన ప్రతి వస్తువూ కొన్ని వారాల పాటు మందులాగే కనిపిస్తుంది. యజమాని జేబులోంచి డబ్బు పోతుంది, మెకానిక్ పేరు పోతుంది, అసలు వస్తువు మాత్రం ఇంజిన్ పక్కన తన చోట తాను అంటుకునే ఉంటుంది.

చివరికి అతను ఊరి చివర ఒక ముసలి మెకానిక్ దగ్గర తేలాడు. ఆయన బానెట్ ఎత్తలేదు, ముందు కుర్చీ చూపించాడు.

"ఆగేముందు తడబడిందా, ఒక్కసారిగా పోయిందా?"

"ఒక్కసారిగానే."

"టాకోమీటర్ ముల్లు చూశావా?"

చూశాడు. ఆ మొదటి క్షణంలో ట్రక్కు ఇంకా గేరులోనే దొర్లుతోంది, చక్రాలు ఇంజిన్ని తిప్పుతూనే ఉన్నాయి. ముల్లు మాత్రం ఒక్క ఊపున సున్నాకి పడిపోయింది. ముసలాయన తల ఆడించాడు. పెట్రోలు అందక ఆగే ఇంజిన్ తడబడుతుంది, ఎగశ్వాస తీస్తుంది, ముల్లు దానితోపాటే మెల్లగా దిగుతుంది. ఇంజిన్ ఇంకా తిరుగుతుండగానే ముల్లు పడిపోయిందంటే, ఆ ముల్లుకి కబురందించే ఇగ్నిషన్ దారే తెగిందన్నమాట. నెలల తరబడి పెట్రోలు వైపు పెట్టిన ఖర్చంతా ఆ ఒక్క జవాబుతో వృథా అని తేలింది.

"ఎంతసేపు ఆగితే మళ్లీ అందుకుంటుంది?"

"అరగంట, గంట. చలికాలంలో అసలీ బాధే లేదు."

అయినా ఆయన తొందరపడలేదు. ముందు కుడివైపు సీటు ముందు, కాళ్లు పెట్టుకునే చోట కార్పెట్టు తీసి చూశాడు. గుద్దుడు జరిగితే పెట్రోలు పంపుని ఆపేసే ఇనర్షియా స్విచ్చి ఆ బండ్లలో అక్కడే ఉంటుంది. గట్టి గుంతలో పడ్డా, పక్కన కూర్చున్నవాళ్ల బూటు తగిలినా అది ఎగిరిపోయి, ఏ మెకానిక్కీ అంతుపట్టకుండా బండిని ఆపేస్తుంది. ఇక్కడ అది సరిగ్గానే కూర్చుని ఉంది. అదీగాక అది ఎగిరితే చేత్తో నొక్కేదాకా ఎగిరే ఉంటుంది, చల్లారితే దానంతట అది కూర్చోదు.

తర్వాత ముక్క తీగ ఒకటి, ముల్లున్న పాత వోల్ట్‌మీటరు ఒకటి తెచ్చాడు. ఆ కాలపు ఫోర్డ్ బండ్లలో ఈఈసీ-4 అనే కంప్యూటర్ ఉండేది. ఇవాళ్టిలా తెర మీద అక్షరాలు రావు. బానెట్ కింద ఉన్న ప్లగ్గులో రెండు కాళ్లని తీగతో కలిపి, తాళం తిప్పి, ముల్లు ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టుకోవాలి. ఒకసారి ఊగి, కాస్త ఆగి, ఎనిమిదిసార్లు ఊగింది. పద్దెనిమిది. ఇగ్నిషన్ నుంచి తిరిగి రావాల్సిన సంకేతం ఎప్పుడో మధ్యలో తెగిందని కంప్యూటర్ గుర్తు పెట్టుకుందని దాని అర్థం. అందులో పాడైన వస్తువు పేరు ఉండదు. ఏ వీధిలో వెతకాలో మాత్రం తెలుస్తుంది.

ఇప్పుడు మిగిలింది, జబ్బు ఉన్నప్పుడే బండిని పట్టుకోవడం. ముసలాయన తన పనిముట్ల సంచీ ట్రక్కులో పడేసి పక్కన ఎక్కి కూర్చున్నాడు. కొండ దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, హైవే పక్కన పెట్రోలు బంకులో ఆపి ఇంజిన్ కట్టెయ్యమన్నాడు. పది నిమిషాలు కాఫీ తాగాడు.

ఈ పది నిమిషాల్లో ఒక తమాషా ఉంది. నడుస్తున్న ఇంజిన్‌కి గాలి తగులుతుంది, ఫ్యాను తిరుగుతుంది, నీరు ప్రవహిస్తుంది. ఆపిన మరుక్షణం అవన్నీ ఆగిపోతాయి. ఇనుప దిమ్మలో నిలవున్న వేడికి మాత్రం ఆపు లేదు, అది చుట్టూ బిగించిన ప్రతి వస్తువులోకీ పాకుతుంది. అందుకే బానెట్ కింద కొన్ని భాగాలు బండి నడిచేటప్పటికన్నా ఆపిన కాసేపటికే ఎక్కువ కాగుతాయి. కొండ మీద ఆగని బండ్లు కూడా బంకు దగ్గర మొరాయించడానికి ఇదే కారణం.

తాళం తిప్పాడు. సెల్ఫ్ తిరిగింది, ఇంజిన్ అందుకోలేదు. నెలల తర్వాత మొదటిసారి, తప్పు చేస్తున్న బండి ముందు దాని సంగతి తెలిసిన మెకానిక్ నిలబడి ఉన్నాడు.

ఆయన చేతులు గబగబా కదిలాయి. ఎక్కువ వ్యవధి లేదు, చల్లారితే సాక్ష్యం పోతుంది. తాళం తిప్పగానే పంపు ఒక్క క్షణం గుయ్‌మంటుంది. అది వినిపించింది. ప్లగ్గు తీగ చివర స్పార్క్ చూసే పనిముట్టు తగిలించి సెల్ఫ్ కొట్టించాడు. నీలం మెరుపు లేదు. ఇంజెక్టరు ప్లగ్గులో చిన్న దీపం పెట్టి మళ్లీ కొట్టించాడు. దీపం మిణుకుమంది. ఇది ముఖ్యమైన గుర్తు. డిస్ట్రిబ్యూటర్ లోపల ఇంజిన్ తిరుగుడుని పసిగట్టే హాల్ సెన్సార్ ఒకటి ఉంటుంది. అది కూడా వేడికి చచ్చే రకమే, పైకి లక్షణాలన్నీ అచ్చం ఇలాగే ఉంటాయి. కానీ అది చచ్చిపోతే స్పార్క్‌తోపాటు ఇంజెక్టర్లూ ఆగిపోవాలి. ఇంజెక్టర్లు పనిచేస్తున్నాయి, స్పార్క్ ఒక్కటే లేదు. అంటే సెన్సార్ నిర్దోషి.

ఇక కాయిల్. దాని ఒక కొసన పన్నెండు వోల్టులు నిక్షేపంగా ఉన్నాయి. రెండో కొసన టెస్ట్ ల్యాంప్ పెట్టి సెల్ఫ్ కొడితే అది మిణుకుమిణుకుమనాలి, ఎందుకంటే అక్కడ ఒకరు కరెంటుని క్షణానికిన్నిసార్లు తెంపుతూ కలుపుతూ ఉండాలి. ల్యాంపు కదలకుండా ఒకే వెలుగుతో నిలబడింది. ఆ తెంపి కలిపేవాడు పడుకున్నాడు.

వాడి పేరు టీఎఫ్ఐ మాడ్యూల్. టీఎఫ్ఐ అంటే థిక్ ఫిల్మ్ ఇగ్నిషన్. ముసలాయన బంకులోంచి గుప్పెడు ఐసు ముక్కలు తెప్పించి, గుడ్డలో చుట్టి, డిస్ట్రిబ్యూటర్ పక్కకి అంటించి ఉన్న ఆ బూడిద రంగు ప్లాస్టిక్ పెట్టెకి అదిమి పట్టుకున్నాడు. నీళ్లు కుమ్మరించేవాళ్లూ ఉన్నారు గానీ, డిస్ట్రిబ్యూటర్‌లోకి తడి పోతే అదో కొత్త జబ్బు. కాసేపు పట్టి, కొట్టమన్నాడు.

ఇంజిన్ అందుకుంది.

యజమాని ఏమీ అనలేకపోయాడు. కొన్ని నెలలు, కొన్ని వందల డాలర్లు, ఒక పంపు, ఒక కాయిల్. జవాబేమో అరచేతిలో ఇమిడిపోయేది.

ఆ పెట్టెలో ఏముంటుందో కాస్త చెప్పాలి, ఎందుకంటే కోర్టు వ్యవహారమంతా దాని చుట్టూనే తిరిగింది. పింగాణీ పలక మీద లోహం కలిసిన సిరాతో దారులు అచ్చువేసి, కొలిమిలో కాల్చి, వాటి మీద చిన్న చిన్న చిప్పుల్ని వెంట్రుకల్లాంటి తీగలతో కలుపుతారు. దాన్నే థిక్ ఫిల్మ్ పద్ధతి అంటారు. చవక, చిన్నది, నమ్మదగినది కూడా, చల్లని చోట పెడితే. పింగాణీ, లోహం, ప్లాస్టిక్ వేడికి ఒకే కొలతలో సాగవు. రోజూ కాగి, రోజూ చల్లారే చోట ఆ అతుకులు ఒకదాన్నొకటి గుంజుకుంటూ ఉంటాయి. ఒకనాటికి ఒక అతుకు వదులవుతుంది. కాగినప్పుడు విడిపోతుంది, చల్లారినప్పుడు మళ్లీ తగులుకుంటుంది. షెడ్డులో పరీక్ష యంత్రానికి పెడితే పాసవుతుంది, ఎందుకంటే అక్కడికి అది చల్లగా వెళ్తుంది.

అలాంటి వస్తువుని ఫోర్డ్ ఇంజనీర్లు ఇంజిన్ దిమ్మలోకి దిగే డిస్ట్రిబ్యూటర్ ఒంటికే బిగించారు. తీగలు తగ్గుతాయి, ఖర్చు తగ్గుతుంది, ఫ్యాక్టరీలో పని తేలికవుతుంది. వేడి పోవడానికి మాడ్యూల్ వీపుకి, డిస్ట్రిబ్యూటర్ లోహానికి మధ్య వేడిని లాగే గ్రీజు పూత ఉండాలి. మన ముసలాయన పాతది ఊడదీసి వెనక్కి తిప్పితే ఆ పూత ఎండి పొట్టు పొట్టుగా రాలింది.

ఊడదియ్యడం కూడా మామూలు పానాతో అయ్యే పని కాదు. రెండు స్క్రూల చుట్టూ చోటు చాలదు. పల్చటి అంచున్న 5.5 మిల్లీమీటర్ల ప్రత్యేక సాకెట్ కావాలి, కొన్ని ఇంజిన్లలో డిస్ట్రిబ్యూటర్‌నే పైకి లాగాలి. మాడ్యూల్‌ని డిస్ట్రిబ్యూటర్ నుంచి తిన్నగా కిందికి జార్చి తియ్యాలి, వంచి లాగితే లోపలి మూడు కాళ్లూ వంగిపోతాయి. కొత్తది పెట్టేముందు ఆయన గ్రీజుని వీపంతా సమంగా పూశాడు. అది లేకుండా పెట్టినవాళ్లు కొన్ని వారాలకే తిరిగొస్తారని చెప్పాడు. అది కూడా ఒక రకం మోసమే: అసలు దోషిని పట్టుకుని, మార్చి, మళ్లీ బండి ఆగితే, దోషి వేరే ఎవరో అనుకుని వెతకడం మొదలుపెడతారు.

ఈ ముసలాయన బంకు దగ్గర తేల్చిన సంగతే కాలిఫోర్నియాలోని ఆలమీడా కౌంటీ సుపీరియర్ కోర్టులో తేలడానికి ఏళ్లు పట్టింది. బండ్ల యజమానుల తరఫున ఉమ్మడి దావా పడింది. వాళ్ల వాదన సూటిగా ఉంది: ఈ మాడ్యూల్ 125 డిగ్రీల సెల్సియస్ దాటితే చచ్చిపోయే గుణం ఉన్నదని సంస్థకి తెలుసు, తెలిసీ అంత వేడి ఉండే చోటే బిగించింది, అడిగినవాళ్లకి చెప్పలేదు. సంస్థ జవాబు కూడా తేలిగ్గా తోసెయ్యదగింది కాదు. బండి ఆగడానికి సవాలక్ష కారణాలుంటాయి, ఆగిన బండిని తిప్పి పక్కకి పెట్టుకోవచ్చు, ఈ బండ్లకి మిగతావాటికన్నా ఎక్కువ ప్రమాదాలు జరిగిన దాఖలా లేదు అన్నది.

సవాలక్ష కారణాలన్న మాటకి బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడండి. లోపం కనబడలేదని రాసిన షెడ్డు కాగితాల నుంచి. పంపు మార్చాం, ఫిల్టరు మార్చాం అని రాసిన రసీదుల నుంచి. అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ కూడా ఫోర్డ్ బండ్లు ఆగిపోవడం మీద 1980లలో ఒకటికి మించి విచారణలు తెరిచింది, ఈ మాడ్యూల్ మీద రీకాల్ లేకుండానే మూసేసింది. చల్లారిన బండిని చూసి ఎవరైనా ఏం తేల్చగలరు?

కోర్టులో సాక్ష్యంగా నిలిచింది బండ్లు కావు, సంస్థ లోపలి కాగితాలు. ఒక్కో మెకానిక్‌కి ఒక్కో బండి కనిపిస్తుంది. సంస్థకి వారంటీ కింద వెనక్కొచ్చిన మాడ్యూళ్లన్నీ ఒక్కచోట కనిపిస్తాయి. ఏ ఇంజిన్ నుంచి ఎన్ని వచ్చాయి, వేడెక్కే ఇంజిన్ నుంచి ఎక్కువ వచ్చాయా అన్నది లెక్క చూస్తే తెలిసిపోతుంది. నా మట్టుకు ఈ కథలో అన్నిటికన్నా మింగుడుపడనిది ఇదే. ఊరి చివర మెకానిక్ ఐసు గుడ్డతో ఒక్కో బండి దగ్గరా వెతుక్కుంటున్నది, ఒక ఆఫీసు బీరువాలో కట్టలుగా పడి ఉంది.

1999లో జ్యూరీ ముందు నడిచిన విచారణ ఏకాభిప్రాయం కుదరక తేలకుండా పోయింది. అప్పుడు న్యాయమూర్తి మైకేల్ బలాచీ, చట్టప్రకారం తన చేతిలో ఉన్న భాగాన్ని తానే నిర్ణయించాడు. 2000 ఆగస్టులో తన అభిప్రాయం బయటపెట్టాడు. సంస్థకి లోపం తెలుసు, ప్రభుత్వ సంస్థకి పూర్తి సమాచారం ఇవ్వకుండా దాచిపెట్టింది అని ఆయన తేల్చాడు. అక్టోబరులో కాలిఫోర్నియాలోని దాదాపు 17 లక్షల బండ్లని వెనక్కి పిలిచి బాగుచెయ్యమని ఆదేశించాడు. అమెరికాలో ఒక న్యాయమూర్తి వాహనాల రీకాల్‌కి ఆదేశించడం అదే మొదటిసారని అప్పటి పత్రికలు రాశాయి.

ఆ రీకాల్ జరగలేదు. ఫోర్డ్ పోరాడింది, చివరికి 2001లో రాజీ కుదిరింది. తప్పు ఒప్పుకోకుండానే, మొదటి లక్ష మైళ్ల లోపు ఈ మాడ్యూల్ పోయి సొంత డబ్బుతో మార్చుకున్నవారికి ఆ ఖర్చు తిరిగిచ్చేందుకు సంస్థ అంగీకరించింది. లక్ష దాటాక పోయినవాటికి ఏమీ లేదు. పంపుకి, ఫిల్టరుకి, కాయిల్‌కి, టోయింగ్ బండికి పెట్టిన డబ్బు మాట సరేసరి.

ఫోర్డ్ మాత్రం ఆ తీర్పు కోసం కూర్చోలేదు. 1990ల మొదట్లోనే చాలా ట్రక్కుల్లో మాడ్యూల్‌ని డిస్ట్రిబ్యూటర్ నుంచి విడదీసి, ఇంజిన్‌కి దూరంగా, అల్యూమినియం రెక్కల పలక మీద ఫెండర్ వైపు పెట్టేసింది.

ఇవాళ్టికీ ఆ పాత ఎఫ్-150లు నడుపుతున్నవాళ్లున్నారు. డ్యాష్‌బోర్డు అరలో ఒక మాడ్యూల్, 5.5 సాకెట్, గ్రీజు పొట్లం పెట్టుకు తిరుగుతారు. కొట్లో దొరికే చవక నకళ్లని వాళ్లలో చాలామంది నమ్మరు. తుక్కు బండ్ల యార్డుకి వెళ్లి, ఫోర్డ్ సొంత బ్రాండు మోటర్‌క్రాఫ్ట్ ముద్ర ఉన్న పాతదాన్నే వెతికి ఊడదీసుకుంటారు.